చేవ్రాలున్న పాత పుస్తకం
(శాఖా కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి కార్యక్రమ పత్రంలో ఖాళీల భర్తీ, పింఛను, బదిలీల తరువాత నాలుగవ అంశంగా "పాత పుస్తకాల సేకరణ" అని చూచి కొందరు మిత్రులు నవ్వుకొన్నట్లు మాకు తెలిసినది. నవ్వుకొనుటకు కారణం లేకపోలేదు. పుస్తకాల సేకరణ అనగానే గాజు బీరువాలు, తోలు బైండింగులు, తీరిక గల ధనవంతులు మనసుకు వస్తారు. మేము మాట్లాడదలచినది వారి విషయం కాదు. రాత్రి డ్యూటీల మధ్య, రన్నింగ్ రూములలో, ఆర్.ఎం.ఎస్. వ్యానులలోని మసక వెలుతురులో ప్రపంచ రాజకీయాలు చదివిన మన పెద్దల పుస్తకాలు ఈనాడు తూకానికి అమ్ముడు పోవుచున్నవి. మేము మాట్లాడదలచినది ఆ విషయం.

1960 జూలై సమ్మెలోను, 1968 సెప్టెంబరు 19 నాటి సమ్మెలోను నిలిచిన తరం దాదాపు వెళ్ళిపోయినది. 1974 మే 8న మొదలై ఇరువది రోజులు సాగిన రైల్వే సమ్మెలో ఇరువది ఏండ్ల వాడు నేడు డెబ్బది దాటినాడు. అటువంటి పెద్దాయన పోయిన తరువాత, కర్మకాండ ముగిసిన వారం పది రోజులలో ఇల్లు సర్దుతారు. ఇత్తడి సామాను పంచుకొంటారు. పుస్తకాలు ఎవరికీ అక్కరలేదు. పాత కాగితాల వ్యాపారి త్రాసు తెస్తాడు. దినపత్రికలకు ఒక ధర కడతాడు, పుస్తకాలకు దానికంటె తక్కువ కడతాడు. అట్టల బరువు అతనికి దండుగ. కుటుంబాన్ని తప్పుపట్టుటకు లేదు. రెండు గదుల అద్దె ఇంటిలో నాలుగు పెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కడ పెట్టుకొంటారు? క్వార్టరులో ఉన్నవారి సంగతి మరీ కష్టం. పదవీ విరమణ తరువాత ఖాళీ చేయవలసిన గడువు నెలలలో ఉంటుంది. ఆ హడావిడిలో మొదట బయటపడేది పుస్తకాల పెట్టెయే. తప్పు పట్టవలసి వస్తే, ఆ ఇంటికి త్రాసు కంటె ముందుగా చేరలేని మన శాఖలను పట్టవలెను.

పాత పుస్తకంలో కనబడు చేవ్రాళ్ళు మూడు విధాలు. ఒకటి రచయిత సంతకం. రెండవది కానుక వ్రాత, అనగా ఫలానా వారికి ఫలానా సందర్భంలో అని వ్రాసి ఇచ్చినది. మూడవది పుస్తకం కొన్న మనిషి మొదటి ఆకు మీద వ్రాసుకొన్న తన పేరు, ఊరు, తేదీ. బజారులో మొదటిదానికి ధర ఎక్కువ, మూడవదానికి ధర లేదు సరికదా, పేరున్నందుకు తగ్గిస్తారు కూడ. మా అభిప్రాయం దీనికి తలక్రిందులు. రచయిత సంతకం రచయిత బ్రతికి ఉండెనని మాత్రమే చెప్పును. కొన్నవాని సంతకం ఆ పుస్తకం ఎవరి చేతికి, ఏ జీతంలో నుండి, ఏ సంవత్సరంలో వచ్చినదో చెప్పును.

ఒక ఉదాహరణ చెబుతాము. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పరచే పుస్తకాలలో రజనీ పామీదత్ వ్రాసిన "ఇండియా టుడే" ప్రతి ఒకటి మాకు దొరికినది. ఆ గ్రంథం 1940లో లండన్‌లో గొలాంజ్ సంస్థ వెలువరించగా, బ్రిటిషు ప్రభుత్వం ఇక్కడికి రానివ్వలేదు. బొంబాయిలో పీపుల్స్ పబ్లిషింగ్ హౌస్ ముద్రణ 1947లో వచ్చినది. మాకు దొరికినది బొంబాయి ప్రతి. మొదటి ఆకు మీద ఒక ఆర్.ఎం.ఎస్. సార్టరు పేరు, సెక్షను ఉన్నవి. పేరు ఇక్కడ చెప్పము. ఆయన కుటుంబం వారెవరో మాకింకా తెలియరాలేదు. వెనుక అట్ట లోపల పెన్సిలుతో ఏడుగురి పేర్లు, పుస్తకం తీసుకొన్న తేదీలు, తిరిగి ఇచ్చిన తేదీలు. ఒక పేరు ఎదుట "బదిలీ, వాల్తేరు" అని వ్రాసి కొట్టివేసినారు. కరవులను గురించిన పుటల అంచున తెలుగులో చిన్న అక్షరాలతో తన జిల్లా సంగతులు వ్రాసుకొన్నారు. ఒక్క పుస్తకం, ఎనిమిదిమంది పాఠకులు, ఏ ప్రభుత్వ సహాయమూ లేని ఒక గ్రంథాలయం. ఆ ప్రతిలో పామీదత్ సంతకం లేదు. ఉండి, ఈ ఏడు పేర్లూ లేకపోయినట్లయితే మన సంఘానికి దానితో అంత పని ఉండెడిది కాదు.

అటువంటి ప్రతులు తక్కువగా దొరుకుటకు ఒక చరిత్ర ఉన్నది. 1878 నాటి సముద్ర సుంకాల చట్టం 19వ సెక్షను క్రింద పరదేశపు రాజకీయ గ్రంథాలను రేవులోనే ఆపివేసెడివారు. 1898 తపాలా చట్టం పెట్టెలోని ఉత్తరాలను, కట్టలను అడ్డగించే అధికారం సర్కారుకు ఇచ్చినది. ఆ చట్టాన్ని అమలు జరుపవలసిన చేతులు కూడ మన చేతులే అన్న సంగతి మరువరాదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1949లో రైల్వే ఉద్యోగులకు జాతీయ భద్రతా పరిరక్షణ నియమావళి వచ్చినది. విధ్వంసక కార్యకలాపాలలో ఉన్నాడని సహేతుకమైన అనుమానం ఉంటే చాలును, ఉద్యోగం తీసివేయవచ్చును. ఆ నియమాల క్రింద ఉద్యోగాలు పోయిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల అప్పీళ్ళను 1957 డిసెంబరులో సుప్రీంకోర్టు తోసివేసినది. ఆ రోజులలో ఒక గుమాస్తా తన పేరు, హోదా, స్టేషను వ్రాసి ఒక రాజకీయ గ్రంథాన్ని ఇంట ఉంచుకొనుట చిన్న విషయం కాదు. పాత ప్రతులలో మొదటి ఆకు చింపబడి ఉండుట మనము తరచు చూస్తాము. అన్నిటికీ కారణం పిల్లల అల్లరి అనుకోనవసరం లేదు. పేరున్న ఆకు మిగిలిన ప్రతి కనబడితే, అది ఒక మనిషి భయపడకుండుటకు గుర్తు అని గ్రహించి చేతిలోనికి తీసుకొనండి.

ఇక రచయితల సంతకాలు. మన రెండు శాఖలకు దగ్గరివారు ఇద్దరున్నారు.

వి.వి. గిరిగారు 1894లో బరంపురంలో జన్మించి, న్యాయశాస్త్రం చదువుటకు 1913లో డబ్లిన్ వెళ్ళి, ఐరిష్ ఉద్యమంతో సంబంధం వలన 1916లో ఆ దేశం విడువవలసి వచ్చినవారు. తిరిగివచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టినారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరు. "లేబర్ ప్రాబ్లమ్స్ ఇన్ ఇండియన్ ఇండస్ట్రీ" అను పెద్ద గ్రంథం, 1976లో వచ్చిన ఆత్మకథ పాత పుస్తకాల దుకాణాలలో కనబడుచునే ఉంటవి. గిరిగారి సంతకం ఉన్న ప్రతి దొరికితే సంతకం కంటె ముందు తేదీ చూడండి. 1974 మే నెలలో, వేలాది రైల్వే కార్మికులు జైళ్ళలో ఉన్నప్పుడు, రాష్ట్రపతి భవనంలో ఉన్నది రైల్వే కార్మికుల పూర్వ నాయకుడైన ఈ గిరిగారే. ఆయన కార్మిక గ్రంథం మీద ఆ నెలకు ముందు వేసిన సంతకం ఒక విధంగాను, తరువాత వేసినది మరొక విధంగాను చదువబడును. ఏది ఎట్లు చదువవలెనో ఎవరి మనసు వారిది. తేదీ మాత్రం పోనీయరాదు.

రెండవవారు జయప్రకాశ్ నారాయణ్. 1936లో కాంగ్రెసు సోషలిస్టు పార్టీ తరపున వచ్చిన "వై సోషలిజం" ఆయన గ్రంథం. 1947 నుండి కొన్ని సంవత్సరాలు రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు అధ్యక్షులుగా ఉన్నారు. పోస్టుమెన్ల, తపాలా క్రింది తరగతి ఉద్యోగుల సంఘానికి కూడ అధ్యక్షత వహించినారు. రైలు, తపాలా రెండింటి సభ్యత్వ పుస్తకాలూ తెలిసిన నాయకులు ఎందరో లేరు. 1936 నాటి ఆ ప్రతి, అందులో ఏ శాఖ కార్యదర్శికో వ్రాసి ఇచ్చిన కానుక వాక్యంతో, ఎవరి ఇంటి అటక మీదనైనా ఉండవచ్చును. అడిగితేనే తెలియును.

సంతకం అనగానే నమ్మరాదు. ఇందులో మోసము కంటె పొరపాటే ఎక్కువ. చాల గ్రంథాలలో ముఖచిత్రం క్రింద రచయిత సంతకం అచ్చు వేసి ఉంటుంది. దానిని చూచి పొంగిపోయినవారిని మేము ఎరుగుదుము. భూతద్దం క్రింద పెట్టండి. కలముతో వ్రాసినదైతే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. సిరా కాగితంలోనికి ఇంకి ఉంటుంది, ఆకు వెనుక నీడ కనబడును, వేలితో తడిమితే ఒక్కొక్కప్పుడు పాళీ నొక్కు తెలియును. అచ్చు సంతకం అంతటా ఒకే నలుపు. రబ్బరు ముద్రకు అంచులలో సిరా పేరుకొనును. అమెరికా అధ్యక్షుల విషయంలో మరొక చిక్కు: సంతకం చేసే యంత్రమే వారి వద్ద ఉన్నది. ఒకే మనిషి రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపోయినచో అది యంత్రం పని అని అనుమానించవలెను. మనిషి చేయి ఒక సంతకాన్ని రెండుసార్లు ఒకే తీరున వేయలేదు.

నిజమైన సంతకమైనా అరుదైనది కానక్కరలేదు. ట్రూమన్ తన జ్ఞాపకాల మొదటి సంపుటం వెలువడినప్పుడు, 1955లో, కాన్సస్ సిటీలో ఒకే కూర్చుండులో వేల ప్రతుల మీద సంతకం చేసినారు. గాంధీజీ హరిజన నిధికి ఐదు రూపాయలు పుచ్చుకొని గాని సంతకం చేసెడివారు కాదు. అందువలన అటువంటి ప్రతి ఏదైనా దొరికితే ఎవరో ఐదు రూపాయలు ఇచ్చినారన్న మాట, ఆనాడు ఒక చిన్న ఉద్యోగికి ఐదు రూపాయలు తక్కువ సొమ్ము కాదు. సంతకమున్న ఆకును కోసి చట్రం కట్టించి గోడకు తగిలించువారు కూడ ఉన్నారు. పుస్తకాన్ని చంపి చర్మం తగిలించుకొనుట వంటిది అది. మన గ్రంథాలయాలలో ఆ పని జరుగరాదు.

ఏ పుస్తకాలు సేకరించవలెను అన్న ప్రశ్నకు, మన జెండాకు నచ్చినవి అన్నది సమాధానం కాదు. లెఫ్ట్ బుక్ క్లబ్ అని 1936లో విక్టర్ గొలాంజ్ లండన్‌లో స్థాపించినాడు. నెలకొక గ్రంథం, సభ్యులకు అరక్రౌను ధర, నారింజరంగు మెత్తని అట్ట, బయటివారికి అమ్మరాదని దాని మీదనే అచ్చు. ఎడ్గార్ స్నో చైనా గ్రంథం, ఆర్వెల్ బొగ్గుగనుల కార్మికుల గ్రంథం 1937లో ఆ వరుసలోనే వచ్చినవి. అవి వేల కొలది అచ్చయినందున నేటికీ చౌకగా దొరుకును. అదే సంవత్సరం పెంగ్విన్ వారు పెలికాన్ వరుస మొదలుపెట్టగా, దాని సంపాదకుడు మన వి.కె. కృష్ణమీనన్. నెహ్రూగారి "గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ" మొదట 1934లో అలహాబాదు కితాబిస్తాన్ వారు వేసినారు. జైలు నుండి కుమార్తెకు వ్రాసిన 196 ఉత్తరాలు అవి. అందులో పెక్కింటికి తపాలా ముద్ర పడలేదు, వ్రాసి జైలులోనే పేర్చి పెట్టుకొన్నారు. తపాలా ఉద్యోగులకు ఈ సంగతి రుచించునని చెప్పుచున్నాము.

తరువాతి కాలంలో రెండు శిబిరాలూ మన తెలుగు పాఠకుని కొరకు పోటీపడినవి. ఒకవైపు మాస్కో నుండి ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో కాఫీ ధరకు వచ్చెడివి. మరొకవైపు ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో 1955లో మద్రాసులో దక్షిణ భాషా పుస్తక సంస్థ ఏర్పడినది. మాస్కో పుస్తకం కొన్నవాడే అమెరికా సమాచార శాఖ గ్రంథాలయంలో కూర్చొని మరొకటి చదివెడివాడు. మన పెద్దలు ఎవరి పుస్తకమైనా చదివినారు, ఎవరి మాటనైనా అంచున పెన్సిలుతో తగవులాడినారు. 1991 తరువాత సోవియట్టు పుస్తకాల రాక ఆగిపోయినది. ఆనాడు కాఫీ ధర ఉన్నది నేడు వెదికితే గాని దొరకదు. కనుక మసానీ గ్రంథం పామీదత్ ప్రక్కన ఉండవలెను. చైనా యుద్ధం గురించి 1970లో నెవిల్ మాక్స్‌వెల్ వ్రాసినదీ ఉండవలెను, దానిని ఖండించిన వారివీ ఉండవలెను.

ఎక్కడ వెదుకవలెనన్నది మీకు మేము చెప్పవలసిన పని లేదు; రైలు పాసు ఉన్నవాడికి ఏ ఊరి పాత పుస్తకాల వీధి తెలియదు? అయితే ఆ వీధులూ శాశ్వతం కావు. మద్రాసు సెంట్రల్ ప్రక్కన ఉండిన మూర్ మార్కెట్ 1985 మే 30న కాలిపోయినది. ఆ స్థలంలో నేడు సబర్బన్ రైళ్ళ కట్టడం ఉన్నది. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారపు బజారును 2019లో కాలిబాట మీద నుండి ఎత్తివేసి మహిళా హాట్ ఆవరణకు మార్చినారు. కలకత్తా కాలేజీ వీధి పుస్తకాలు 2020 మే తుపానులో తడిసి ముద్దయినవి.

కొనేటప్పుడు ఒక మర్యాద పాటించవలెను. రైల్వే ఇన్‌స్టిట్యూటు గాని, మరే గ్రంథాలయం గాని ముద్ర ఉండి, తొలగించినట్లు రెండవ ముద్ర లేకపోయినచో ఆ పుస్తకం ఇంకను వారిదే. మొదట వారికి కబురు చేయవలెను. పుస్తకాల మధ్య ఉత్తరాలు, సర్వీసు కాగితాలు, మనియార్డరు రసీదులు, ఫోటోలు వచ్చును. అవి కుటుంబం సొత్తు. తిరిగి ఇచ్చి, వారు ఇష్టపడితేనే ఉంచుకొనవలెను. ఒక పెద్దాయన కుమార్తె మాకు నాలుగు పెట్టెలు ఇచ్చి, ఒక్క పుస్తకం మాత్రం తానుంచుకొన్నది. ఏమిటని చూస్తే రైల్వే టైంటేబులు. "నాన్న చేతివ్రాత దీనిలోనే ఎక్కువ ఉన్నది" అన్నది. అడుగక ఊరకున్నాము.

తెచ్చిన ప్రతికి ఒక నోటుపుస్తకంలో వివరాలు వ్రాయవలెను: గ్రంథం, రచయిత, ప్రకాశకులు, సంవత్సరం, ఎవరి చేవ్రాలు, ఏ పుటలో, ఎవరు ఇచ్చినారు లేదా ఎక్కడ కొన్నాము, ఏ తేదీ. ఈ చివరి మూడూ వ్రాయకపోతే సంతకం అనాథ అవును. పుస్తకం మీద మన సంఘం ముద్ర సంతకానికి దూరంగా, వెనుక ఆకు మీద వేయండి. వ్రాయవలసినది పెన్సిలుతోనే వ్రాయండి. చిరిగిన ఆకుకు సెల్లోటేపు అంటించకండి; పదేండ్లకు టేపు ఊడిపోవును, పసుపు మరక మిగులును. పాత అట్ట పారవేసి కొత్త బైండింగు చేయించుట బైండరుకు లాభం, మనకు నష్టం. పేర్లూ తేదీలూ తరచు అట్ట లోపలనే ఉంటవి. చెదలకు, రామబాణపు పురుగుకు గోడను ఆనుకొన్న బీరువా విందు భోజనం. గోడకు బెత్తెడు ఎడము, క్రింది అర నేలకు మూరెడు ఎత్తు ఉండవలెను. 2000 ఆగస్టు వర్షాలకు హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అమూల్యమైన ఉర్దూ గ్రంథాలు నీట మునిగినవి. మన శాఖా కార్యాలయాలు సాధారణంగా ఎక్కడ ఉంటవో మీకు తెలుసును, మెట్ల క్రింది గదులు, గోదాముల ప్రక్క గదులు. వర్షాకాలానికి ముందు ఒకసారి చూచుకొనండి.

చివరగా, ఊరి నుండి ఊరికి ఈ పుస్తకాలు ఎట్లు చేరవలెను? పుస్తకాలకు చౌక తపాలా అన్నది ఈ దేశంలో చదువరికి ఉన్న చిన్న హక్కులలో ఒకటి. 2024 డిసెంబరులో రిజిస్టర్డు పుస్తకాల సేవను నిలిపివేసినారు; ప్రకాశకులు, పాఠకులు గగ్గోలు పెట్టినారు. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అను పేరుతో మరొక సేవ వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. దానిలో పోవు ప్రతి పుస్తకం మీద ముద్రాపకుని పేరో ప్రకాశకుని పేరో ఉండవలెను, వ్యక్తిగత ఉత్తరం ఉండరాదు. అందుచేత మొదటి ఆకులు పోయిన పాత ప్రతులను ముందుగా చూచి వేరు చేయండి. కవుంటరులో ఉన్న మన సోదరుని ఇరకాటంలో పెట్టకండి. పుస్తకంలో దొరికిన ఉత్తరాలను వేరుగా, ఉత్తరాలుగానే పంపండి. మరి కానుక వాక్యం మాటేమిటని ఒక మిత్రుడు అడిగినాడు. విశ్వ తపాలా సంఘం పాత నిబంధనలలోనే దీనికి జవాబున్నది: అచ్చు పుస్తకం మీద సాధారణ గౌరవ సూచకమైన అంకిత వాక్యాన్ని ఉత్తరంగా లెక్కించరాదని మినహాయింపు వ్రాసినారు. కవుంటరులో ఎవరైనా సందేహిస్తే ఈ సంగతి మర్యాదగా చెప్పండి.

ప్రతి శాఖ నుండి ఇద్దరు సభ్యులు, ఒకరు రైల్వే, ఒకరు తపాలా, ఈ బాధ్యతకు తమ పేర్లు నేడే కార్యదర్శికి ఇవ్వవలెను. తమ ఊరిలో 1974కు ముందు ఉద్యోగంలో చేరి జీవించి ఉన్న పెద్దల జాబితా వారు తయారు చేయవలెను. పుస్తకాలు ఇమ్మని వెంటనే అడుగకండి. ముందు వెళ్ళి కూర్చొనండి, వాటిని చూపుమనండి, ఏ పేరు ఎవరిదో వారి నోటనే చెప్పించుకొని వ్రాసుకొనండి. నోటుపుస్తకాలు ఈ బల్ల మీద ఉన్నవి, శాఖకు ఒకటి చొప్పున తీసుకొనగలరు.